ఇద్దరు షేకుల బావి

నూకరాజు ఆ ఉదయం శుభ్రం చేస్తున్న కాగితంలో ఒక ఊరిపెద్ద ఇద్దరు షేకులకూ ఖర్జూరాలు ఇచ్చాడు.

కాగితం తొంభై ఏళ్ల నాటిది. గల్ఫ్ తీరంలో కాపురమున్న ఒక ఇంగ్లీషు దొర వారం వారం బొంబాయికి పంపిన వేగు నివేదికల్లో అదొకటి. ఏ షేకు ఏ బావి దగ్గర జెండా పాతాడు, ఎవరి ఒంటెలను ఎవరు తోలుకుపోయారు, ఎవరి తమ్ముడు అలిగి ఎవరి కోటలో చేరాడు, అన్నీ దొర రాసేవాడు. తాను మాత్రం ఎడారిలో అడుగుపెట్టేవాడు కాదు. బజారులో కూర్చునే వార్తాహరులు మోసుకొచ్చిన మాటలను చక్కటి ఇంగ్లీషులో పెట్టేవాడు. రాస్ హమీల్ షేకుకూ ఉమ్ జరాద్ షేకుకూ బిర్ సల్మా అనే బావి మీద తగాదా. బావి చుట్టూ కొన్ని గుడిసెలు, ఒక ఖర్జూర తోట. ఊరిపెద్ద పేరు ముబారక్. కోతల కాలంలో ముందు ఎవరి మనుషులు వస్తే వాళ్లకు పన్నుగా ఖర్జూరాలు కొలిచేవాడు. తర్వాత వచ్చినవాళ్లకూ కొలిచేవాడు. ‘ఈ మనిషి ఎవరి వాడో తేలవలసి ఉంది’ అని దొర రాశాడు.

ఇన్నేళ్లకు ఆ బావి కింద చమురు పడింది. షేకుల వారసులు సరిహద్దు తగాదాను మధ్యవర్తుల ముందు పెట్టారు. బావి మాదంటే మాదని రుజువు చేసుకోవడానికి ఇద్దరి లాయర్లకూ దొర నివేదికలే కావలసి వచ్చాయి. వేలాది పేజీలు. వాటిని స్కాన్ చేసి, మరకలు తుడిచి, వెతుక్కోవడానికి వీలుగా సూచిక తయారుచేసే పనిని సింగపూర్‌లో ఒక కంపెనీ తీసుకుంది. రెండువేల సంవత్సరం అది. కంప్యూటర్ తెలిసినవాడికి పిలిచి పని ఇచ్చే రోజులు. కంపెనీ డైరెక్టర్ వీరభద్రరావు ఇద్దరు షేకుల పనినీ తీసుకున్నాడు.

లాయర్లు ఒక షరతు పెట్టారు. రెండు పనులూ రెండు గదుల్లో జరగాలి. ఈ గది మనిషి ఆ గదిలో కాలు పెట్టకూడదు. వీరభద్రరావు మధ్యనున్న అద్దాల గోడకు నల్ల కాగితం అంటింపించి అందరినీ నిలబెట్టి చెప్పాడు.

“సీ, మనమంతా తెలుగువాళ్లం, ఒక ఫ్యామిలీ. కానీ ఈ గోడ దాటినవాడు రేపు ఆఫీసులో ఉండడు.”

ముందు గదికి పెద్ద అనిల్‌కుమార్, కాకినాడవాడు. వెనక గదికి పెద్ద లోహిత్, వరంగల్‌వాడు. ఏడాది చివర్లో ఇద్దరిలో ఒకడికే మేనేజర్ పదవి వస్తుందని ఇద్దరికీ తెలుసు. మధ్యాహ్నం మాత్రం రెండు గదులవాళ్లూ కింద ఫుడ్‌కోర్టులో ఒకే బల్ల దగ్గర తినేవాళ్లు. ముందు వచ్చినవాళ్లు టిష్యూ ప్యాకెట్లు పెట్టి అందరికీ కుర్చీలు ‘చోప్’ చేసి, అంటే ముందే పట్టి ఉంచేవాళ్లు. షేకుల గురించి తప్ప అన్నిటి గురించీ మాట్లాడుకునేవాళ్లు.

నూకరాజు ముందు గదివాడు. తుని దగ్గర పుట్టి, వరంగల్‌లో ఇంజనీరింగ్ చదివాడు. ఆ గదిలో పేజీలను శుభ్రం చేసే ప్రోగ్రాం అతను రాసిందే. చెదలు తిన్నచోట కాగితం రంగులో ఒక చిన్న అతుకు వేసి, చిరిగిన అక్షరాలను అతుక్కునేలా చేసేది. అది మొండికేస్తే నచ్చజెప్పగలిగేది అతనొక్కడే.

“మావాడే. మా జిల్లా,” అని అనిల్‌కుమార్ లాయర్లకు పరిచయం చేసేవాడు.

“మావోడే. మా కాలేజ్ జూనియర్,” అని లోహిత్ తన గదివాళ్లకు చెప్పేవాడు. వెనక గదిలో యంత్రం మొరాయించినప్పుడల్లా లిఫ్టు దగ్గర నూకరాజు భుజం మీద చెయ్యి వేసేవాడు. “తమ్మీ, జర జూసిపో రాదు. పేజీలన్నీ మసక మసకగ వస్తున్నయ్. అన్న అడిగితే కాదంటవా?”

నూకరాజు కాదనలేదు. తన ప్రోగ్రాం తీసుకెళ్లి వెనక గది పేజీలనూ తుడిచిచ్చేవాడు. సీనియర్ అడిగితే కాదనడం అతనికి రాదు. అనిల్‌కుమార్‌కు ఈ సంగతి తెలుసు. అతనికి కూడా అందులో ఒక లాభం కనిపించింది.

“ఏరా, ఆళ్ల గదిలో ఎంతవరకూ వచ్చిందేటి పని? ఊరికే, తెలుసుకుందారని. మన గోదారోడివి, నాకు చెప్పాపోతే ఎవడికి చెప్తావు?”

అలా అతను రెండు గదులకూ పనికొచ్చాడు. సింగపూర్‌లో ఉండనిచ్చే అతని ఉద్యోగపు పాసును జూలైలో పొడిగించాలి. దానికి వీరభద్రరావు సంతకం కావాలి. ఇద్దరు పెద్దలూ తనవాళ్లే కనుక సంతకం గురించి నూకరాజు బెంగపెట్టుకోలేదు.

బెంగ వేరే ఉంది. బుకిట్ పంజాంగ్‌లో అద్దెగదిలో అతని భార్య నవత మంచం మీద ఉంది. రెండేళ్ల కిందట ఆరో నెలలో బిడ్డ పోయింది. ఈసారి డాక్టరమ్మ గర్భసంచి మూతికి కుట్లు వేసి, కాన్పు దాకా లేవొద్దని చెప్పింది. పక్క ఫ్లాట్‌లో ఉండే చైనా ముసలమ్మ రోజూ మధ్యాహ్నం ఒక గిన్నెలో గంజి తెచ్చి, మంచం పక్కన పెట్టి, ఒక్క మాటా మాట్లాడకుండా వెళ్లిపోయేది. నవతకు ఆమె భాష రాదు, ఆమెకు నవత భాష రాదు. గిన్నె మాత్రం ప్రతిరోజూ వేడిగా వచ్చేది.

జూన్‌లో ఇద్దరు షేకుల లాయర్లూ తమ పేజీలను మధ్యవర్తుల ముందు పెట్టారు. ఒక లాయరు గుమాస్తా రెండు కట్టలనూ పక్కపక్కన పెట్టి చూశాడు. చెదలు తిన్న చిల్లుల మీద ఒకే ఆకారంలో, ఒకే రంగులో అతుకులు. రెండు కట్టలనూ ఒకే చెయ్యి తుడిచింది. ఆ సాయంత్రమే ఇద్దరి దగ్గర నుంచీ వీరభద్రరావుకు ఫోన్లు వచ్చాయి. గోడ దాటింది ఎవరు, దాటించింది ఎవరు?

మర్నాడు అనిల్‌కుమార్ నూకరాజును కింద కాఫీకి తీసుకెళ్లాడు.

“జరిగిందేదో జరిగింది. లోహిత్ గాడు బలవంతంగా లాక్కెళ్లాడని చెప్పు. నీ పాసు సంగతి నేను చూసుకుంటాను. నవతమ్మ ఆరోగ్యం కూడా చూడాలి కదరా.”

గంట తర్వాత మెట్ల దగ్గర లోహిత్ ఆపాడు.

“అనిల్ నిన్ను మా రూముల వేగు లెక్క పెట్టిండని చెప్పు తమ్మీ. అబద్ధం గాదు గద? అడిగిండు గద? పాసు నేను చేపిస్త. నీ బిడ్డ మీద ఒట్టు.”

బిడ్డ మాట విని నూకరాజు మెట్టు మీదే ఆగిపోయాడు. పుట్టని బిడ్డ మీద ఒట్టు వేసే మనిషిని అతను అంతకుముందు చూడలేదు.

ఇంటికెళ్లి నవతకు చెప్పాడు. ఆమె పక్కకు తిరిగి పడుకుని ఉంది.

“ఎవడో ఒకడి పేరు చెప్పెయ్యి,” అంది.

“ఎవరిది?”

“ఎవడిదైతేనేం? నాకిద్దరూ ఒకటే. మేనేజరయ్యేలా ఎవడు కనపడితే ఆడి పక్కనుండి రెండోవాడి పేరు చెప్పు. నాకీ మంచం ఉండాలి. అంతే.”

“అది అన్యాయం కదా.”

“మరి ఆళ్లు నీ దగ్గరికొచ్చి న్యాయం అడిగారా?”

నూకరాజు రాత్రంతా ఆలోచించి తనకు తెలివైనదని తోచిన దారి ఎంచుకున్నాడు. ఒకడి పేరు చెబితే రెండోవాడు పగబడతాడు. ఇద్దరి పేర్లూ చెబితే? నిజమూ అదే. ఇద్దరినీ ఒకేసారి తీసేస్తే కంపెనీ మూతపడుతుంది. తీయలేరు. తీయలేనప్పుడు సర్దుకుపోక తప్పదు, సర్దుబాటులో తన తప్పూ కొట్టుకుపోతుంది.

నివేదికల్లోని ముబారక్ కూడా అప్పటికి ఆ మెట్టు మీదే ఉన్నాడు. దొర పడవ తీరానికి వచ్చింది. ముబారక్‌ను పైకి పిలిపించారు. ఇద్దరు షేకులూ ఒడ్డున గుడారాల్లో కూర్చుని ఉండగా, పన్ను ఎవరికి కడుతున్నావని దొర అడిగాడు. ‘ఇద్దరూ తీసుకుంటారు’ అన్నాడు ముబారక్. ‘సాక్షి స్పష్టంగా, భయం లేకుండా మాట్లాడాడు’ అని దొర రాసుకున్నాడు. నూకరాజు దగ్గరికి వచ్చిన పేజీలు అక్కడితో ఆగాయి.

డైరెక్టర్ గదిలో వీరభద్రరావు నూకరాజును కుర్చీలో కూర్చోబెట్టి, మంచినీళ్లు ఇప్పించి, అంతా విన్నాడు. ఇద్దరి పేర్లూ విన్నాక కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. “గుడ్. నిజం చెప్పావు. ఐ లైక్ దట్,” అని ఇద్దరినీ లోపలికి పిలిచాడు.

అనిల్‌కుమార్, లోహిత్ ఒకరినొకరు చూసుకున్నారు. నెలల తరబడి భోజనాల బల్ల దగ్గర తప్ప ఎక్కడా పలకరించుకోనివాళ్లు. ఆ చూపు ఎంతోసేపు పట్టలేదు.

“సార్, నేను పిలవలేదండి. వాడే ఆళ్ల గదిలోకి వెళ్లొచ్చేవాడు. వాళ్ల కాలేజీ వాడు కదా అని ఊరుకున్నాను,” అన్నాడు అనిల్‌కుమార్.

“అవు సార్. అనిల్ చెప్పింది కరెక్టే. అతనే వచ్చేటోడు. వాళ్ల జిల్లా అతను గదా, అనిల్‌కు తెలిసే ఉంటదనుకున్న. అనిల్‌కు గూడ తెల్వదంట,” అన్నాడు లోహిత్.

“అన్నా!” అన్నాడు నూకరాజు. ఎవరిని అన్నాడో అతనికే తెలియదు. ఇద్దరూ తలతిప్పలేదు.

వీరభద్రరావు నవ్వాడు. చాలా రోజుల తర్వాత తన ఇద్దరు మనుషులూ ఒక మాట మీదకు వచ్చారు. “సీ, నూకరాజూ, నాకు ఇద్దరు క్లయింట్లు. ఇద్దరూ ఒక మనిషి కావాలంటున్నారు. నువ్వు దేశం దాటావని ఇద్దరి లాయర్లకూ నేను రాసివ్వాలి. నీ మీద నాకేం కోపం లేదు. టికెట్లు కంపెనీ కొంటుంది. ఇద్దరికీ.”

పని అప్పగించే రోజున నూకరాజు తన బల్ల దగ్గర కూర్చున్నాడు. పక్కన హెచ్‌ఆర్ అమ్మాయి కీర్తిక నిలబడి ఉంది. ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగు పిల్ల. వెళ్లిపోయేవాడి పక్కన నిలబడి కంప్యూటర్ తాకనీయకుండా చూడడం ఆమె పని. కానీ, “టెన్ మినిట్స్ నేను టాయ్‌లెట్‌కి వెళ్తాను అన్నా. నో వన్ వాచింగ్ లా,” అని సింగపూర్ యాసలో చెప్పి వెళ్లిపోయింది.

అతను కొత్తగా వచ్చిన పేజీలు తెరిచాడు. ముబారక్ అని కొట్టి వెతికాడు. పడవ నాటి పేజీ తర్వాత ఆ పేరు ఎక్కడా లేదు. బిర్ సల్మా అని వెతికాడు. ఒక్కటి వచ్చింది. ‘షేకులిద్దరి మధ్యా సంధి కుదిరింది. ఉమ్మడిగా మనుషులను పంపి బావిని రాళ్లతో పూడ్చారు, చెట్లు నరికారు. తగాదాకు కారణం లేకుండా పోయింది. అక్కడివాళ్లు ఎటు వెళ్లిందీ తెలియదు, విచారించలేదు. ఈ వారం తీరం ప్రశాంతంగా ఉంది.’ పేజీ మూల చెదలు తిన్నాయి. అలవాటు కొద్దీ అతను ఆ చిల్లు మూసి, కంప్యూటర్ ఆపేశాడు.

కీర్తిక లిఫ్టు దాకా వచ్చింది. “అక్కకి డాక్టర్ లెటర్ ఉందా?”

“ఉంది. పాసుల కౌంటర్‌లో చూపించాను. విశ్రాంతి మంచిదని రాశారు గానీ ప్రయాణం కుదరదని రాయలేదన్నారు.”

“అడ్వైజ్డ్ అని రాస్తే ఎనఫ్ కాదు. కౌంటర్‌లో ఇంకేం చెప్పారు?”

“విమానం వాళ్లు ఎక్కించుకోలేమని కాగితం ఇస్తే, అది పట్టుకొస్తే కాన్పు దాకా ఉండనిస్తామన్నాడు అక్కడి ఆఫీసరు. మంచివాడే. తన నంబరు కూడా రాసిచ్చాడు.”

“దెన్ గో ఎయిర్‌పోర్ట్, లెట్ దెమ్ రిజెక్ట్ యూ,” అంది కీర్తిక. “ఎనిమిదో నెల అని చెప్పండి. లెటర్ చూపించండి. ష్యూర్‌గా రిజెక్ట్ చేస్తారు లా. ఎవరికీ చెప్పకండి.”

అందుకని వాళ్లు వెళ్లడానికి కాకుండా, వెళ్లొద్దని చెప్పించుకోవడానికి బయల్దేరారు. నవత సామానులో సగం మంచం కిందే ఉంచింది. ముసలమ్మ తెచ్చిన గిన్నెను నూకరాజు కడిగి బల్ల మీద బోర్లించాడు, సాయంత్రం తిరిగి వచ్చాక ఇవ్వొచ్చని.

కింద టాక్సీ దగ్గర అనిల్‌కుమార్, లోహిత్ నిలబడి ఉన్నారు.

“ఆళ్లెందుకు?” అంది నవత గుసగుసగా.

“దింపుతామంటున్నారు. వద్దంటే అనుమానం వస్తుంది.”

టాక్సీ నడిపే మలయ్ ముసలాయన నవత పొట్ట చూసి, దారిలో ప్రతి ఎత్తు దగ్గరా బండిని దాదాపు ఆపి మెల్లగా దాటించాడు. అతనికి ఎవరూ చెప్పలేదు.

విమానాశ్రయంలో నవతను ఒక చక్రాల కుర్చీలో కూర్చోబెట్టారు. కౌంటర్ వెనక తలకు గుడ్డ కట్టుకున్న ఒక పడుచుపిల్ల ఉంది. పెట్టె తూకంలో ఎక్కువ వచ్చింది. నవతవి కొన్నే ఉన్నా, ఆఫీసు వాళ్లు బహుమతిగా ఇచ్చిన ఇత్తడి దీపాల జత అందులో ఉంది. “పక్కకెళ్లి చేతిసంచిలోకి మార్చరా. లైన్ ఆగిపోతోంది,” అన్నాడు అనిల్‌కుమార్. నూకరాజు పెట్టెను లాక్కుని స్తంభం పక్కకు వెళ్లి నేల మీద కూర్చున్నాడు. పెట్టె తాళం బిగుసుకుంది.

నవత చేతిలో డాక్టరమ్మ ఉత్తరం ఉంది. “ఇటివ్వమ్మా, నేను చూపిస్తాను. నీకు ఇంగ్లీషు ఇబ్బంది,” అని అనిల్‌కుమార్ అందుకున్నాడు. అందుకుని చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

“ఎన్ని నెలలు మేడం?” అని అడిగింది కౌంటర్ పిల్ల.

ఆ మాత్రం ఇంగ్లీషు నవతకు వచ్చు. “ఎయిట్,” అంది, వేళ్లు చూపించి మరీ.

పిల్ల చేతులు కీబోర్డు మీద ఆగాయి. లోహిత్ ముందుకు వంగి, మెత్తగా నవ్వి ఇంగ్లీషులో అందుకున్నాడు. “మావాళ్లు చంద్రుడి లెక్కన చెప్తారు సిస్టర్. నడుస్తున్న నెల కూడా కలుపుతారు. అసలు లెక్కలో ఆరున్నర. మాలో మొదటి కాన్పు తల్లి దగ్గరే జరగాలి. వాళ్లమ్మ ఎదురుచూస్తోంది.”

నవతకు అందులో మదర్ అన్న మాట ఒక్కటే అర్థమైంది. “నేను ఎల్లను,” అంది తెలుగులో. “కాయితం ఇమ్మనండి, నేను ఎల్లను.” ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

“ఏమంటోంది?” అంది పిల్ల.

“పంపించెయ్యండి, మా అమ్మను చూడాలి అంటోంది,” అన్నాడు అనిల్‌కుమార్.

ఆ పిల్ల నవత ముఖం వైపు చాలాసేపు చూసింది. పెద్ద పొట్ట, పాలిపోయిన పెదవులు, చెంపల మీద నీళ్లు. అటూ ఇటూ చూసి, పై అధికారి దూరంగా ఉన్నాడని నిర్ధారించుకుంది. “కిందటి నెల నేనొకామెను ఆపేశాను,” అంది మెల్లగా. “ఇక్కడే నేల మీద కూర్చుని ఏడ్చింది. ఇంటికెళ్లినా నాకు నిద్ర పట్టలేదు. ఈసారి ఆపను.” నెలల గడిలో ఆరు అని కొట్టింది. కాళ్లు చాపుకోవడానికి ముందు వరస సీటు ఇచ్చింది. కౌంటర్ మీదుగా చెయ్యి చాపి నవత వేళ్లు నొక్కింది. “సేఫ్ జర్నీ, కక్,” అంది, తన భాషలో అక్కా అని.

నూకరాజు దీపాలు తీసి చంకన పెట్టుకుని పెట్టెతో పరుగున వచ్చేసరికి బోర్డింగ్ పాసులు లోహిత్ చేతిలో ఉన్నాయి.

“మేడం, ఆమెకు ఎనిమిదో నెల. మీరు ఆపాలి. ఆపుతున్నట్టు కాగితం కావాలి మాకు,” అన్నాడు నూకరాజు ఆయాసపడుతూ.

పిల్ల ముఖంలో నవ్వు మాయమైంది. వెనక వరసలో జనం తొంగిచూస్తున్నారు. “సర్, ఆరు అని చెప్పారు. ఆరు అనే నేను రాసేశాను.” గొంతు తగ్గించింది. “ఇప్పుడు మారిస్తే నా ఉద్యోగం పోతుంది. ప్లీజ్.”

ఆమె కళ్లలో భయం కనిపించింది. నూకరాజు ఇంకో మాట అనడానికి నోరు తెరిచాడు. లోహిత్ అతని భుజం మీద చెయ్యి వేసి పక్కకు నడిపించాడు.

“ఆ పోరి ఏం జేసింది తమ్మీ? ఆమె నౌకరి తియ్యకు.”

ఆ రోజుతో పాసులకు గడువు తీరిపోతుంది. చేతిలో కాగితం లేకుండా ఉండిపోతే జైలు. నూకరాజు పెట్టెను తూకం మీద పెట్టాడు. అది బెల్టు మీద కదిలి రబ్బరు తెరల వెనక్కి పోయింది.

లోపలికి వెళ్లే ద్వారం దగ్గర అనిల్‌కుమార్ జేబులోంచి డాక్టరమ్మ ఉత్తరం తీసి, మడత సరిచేసి, నవత ఒళ్లో పెట్టాడు. “జాగ్రత్తమ్మా. అక్కడి డాక్టర్‌కు పనికొస్తుంది.” ఇద్దరూ చేతులూపారు. తర్వాత అనిల్‌కుమార్ ఫోన్ తీసి, “వెళ్లారు సార్,” అన్నాడు. లోహిత్ పక్కనుంచి, “ఇద్దరూ వెళ్లిన్రని చెప్పు,” అన్నాడు.

చక్రాల కుర్చీ తోసే చైనా ముసలాయన ఏమీ ఎరగడు. “అబ్బాయా, అమ్మాయా?” అని హుషారుగా అడిగాడు. మళ్లీ తనే, “ఏదైనా మంచిదే,” అనుకుని, గచ్చు గతుకులు తప్పించుకుంటూ తోశాడు.

నవత రెండు చేతులతో పొట్టను కింద నుంచి పట్టుకుంది. నడుము దగ్గర ఏదో లాగినట్టయింది. కాసేపు ఊపిరి బిగబట్టి, వదిలింది.

“నొప్పా?” అన్నాడు నూకరాజు వంగి.

ఆమె ముందుకే చూస్తోంది.

“నన్ను ఆళ్లిద్దరి మధ్యా వదిలి, ఆ దీపాలు సర్దుతూ కూర్చున్నావా?” అంది.

అతను చంకలో ఉన్న ఇత్తడి దీపాల వైపు చూసుకున్నాడు. విమానం గుమ్మం దగ్గర ఒకమ్మాయి చేతులు జోడించి స్వాగతం చెప్పి, నవత కోసం మెత్తటి దిండొకటి తేవడానికి లోపలికి పరుగెత్తింది.